క్యాన్సర్ చికిత్సకు ముందు వీర్యం దాచుకోవడం: కర్నూలు, అనంతపురం, కడప కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

సీమ నుంచి క్యాన్సర్ వైద్యానికి వెళ్లే కుర్రవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, భార్యలు పదే పదే అడిగే సందేహాలివి. వీర్యం దాచుకోవడమంటే, తర్వాత పిల్లల కోసం వాడుకునేలా దాన్ని గడ్డకట్టించి నిల్వ చేయడం. చాలామంది వీటిని అడిగేసరికే మొదటి కీమో అయిపోయి ఉంటుంది. అందుకే రోగం తేలిన రోజు నుంచి వరసగా పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. మీకు కావాల్సిన చోట మొదలుపెట్టొచ్చు.

## రోగం తేలిన వారంలో

బతుకుతాడో లేదో అని మేం ఏడుస్తుంటే పిల్లల సంగతి ఇప్పుడెందుకు?

ఈ పనికి సరైన సమయం మొదటి కీమోకు ముందే కాబట్టి. కుర్ర వయసులో వచ్చే వృషణ క్యాన్సర్, హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) లాంటివి చాలావరకు నయమవుతాయి. నయమైన పాతికేళ్ల కుర్రాడికి ముందు నలభై యాభై ఏళ్ల జీవితం ఉంటుంది. పిల్లలు కావాలా వద్దా అని ఇప్పుడు తేల్చుకోమని ఎవరూ అడగడం లేదు. ఆ మాట పదేళ్ల తర్వాత ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే వీలును పోగొట్టుకోవద్దని మాత్రమే చెబుతున్నాం. దానికి పట్టేది సగం రోజు. వద్దనుకుంటే ఎప్పుడైనా తీసేయించవచ్చు. దాచకపోతే మాత్రం వెనక్కి వెళ్లి దాచలేం.

కీమో చేయించుకుంటే ఇంక పిల్లలు పుట్టరా? అందరికీ అంతేనా?

అందరికీ కాదు. ఏ మందు, మొత్తం ఎంత మోతాదు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వృషణాల్లోని మూల కణాలు నిరంతరం విడిపోతూ వీర్యకణాలను తయారుచేస్తుంటాయి. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, అది బయటికి వచ్చే దారిలో మరికొన్ని రోజులు. కీమో మందు వేగంగా విడిపోయే కణాలను చంపుతుంది కాబట్టి వీర్యకణాల సంఖ్య దాదాపు అందరికీ కొంతకాలం పడిపోతుంది. మూల కణాలు మిగిలితే మళ్లీ మొదలవుతుంది, అవి కూడా చచ్చిపోతే ఆగిపోతుంది.

మూల కణాలను ఎక్కువగా దెబ్బతీసేవి ఆల్కైలేటింగ్ మందులు: సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, ప్రోకార్బజీన్, బుసల్ఫాన్, మెల్ఫలాన్, క్లోరాంబుసిల్. సైక్లోఫాస్ఫమైడ్ మొత్తం మోతాదు ఒంటి విస్తీర్ణంలో చదరపు మీటరుకు 4 గ్రాముల లోపు ఉంటే కోలుకునే అవకాశం బాగుంటుంది. 7.5 గ్రాములు దాటితే కణాలు శాశ్వతంగా సున్నా అయ్యే ప్రమాదం ఎక్కువ. లింఫోమాకు ఆర్‌చాప్ అనే మందుల కలయికను ఆరుసార్లు ఇస్తే ఆ లెక్క 4.5 గ్రాములకు వస్తుంది, అంటే మధ్యరకం. హాడ్జ్‌కిన్‌కు ఇచ్చే ఏబీవీడీ అనే కలయికలో ప్రమాదం తక్కువ, అదే రోగానికి ఇచ్చే బీకాప్‌లో చాలా ఎక్కువ. వృషణ క్యాన్సర్‌కు ఇచ్చే బీఈపీ మధ్యలో ఉంటుంది. ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే భారీ మోతాదులు, ఒళ్లంతా ఇచ్చే రేడియేషన్ అన్నిటికన్నా తీవ్రమైనవి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. "మీ కీమోలో ప్రమాదం తక్కువ" అన్న మాట ఈరోజు రాసిన ప్లాన్‌కు మాత్రమే వర్తిస్తుంది. రోగం తిరగబెడితే రెండో వరస మందులు, ఆపైన మజ్జ మార్పిడి రావచ్చు. అప్పటికి దాచడానికి మంచి కణాలు ఉండకపోవచ్చు. అందుకే తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకు కూడా దాచుకోమనే మా సలహా.

గుట్కాతో నోటి క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ మెడకే ఇస్తారంట. మాకూ ఇది అవసరమా?

మెడకు ఇచ్చే రేడియేషన్ వృషణాల దాకా దాదాపు చేరదు. దానితోపాటు సిస్ప్లాటిన్ ఇస్తారా అన్నది చూడాలి. రేడియేషన్‌తో కలిపి మూడు వారాలకోసారి 100 మిల్లీగ్రాముల చొప్పున మూడుసార్లు ఇచ్చినా మొత్తం చదరపు మీటరుకు 300 మిల్లీగ్రాములే అవుతుంది. ఈ మోతాదులో చాలామందికి కణాలు తిరిగొస్తాయి. 400 దాటితే ప్రమాదం పెరుగుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకునే వయసైతే దాచుకోవడమే మేలు.

పొత్తికడుపుకు, మలద్వారం దగ్గర రేడియేషన్ అన్నారు. అదేం చేస్తుంది?

వృషణాలు రేడియేషన్‌కు చాలా సున్నితం. 1 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే లెక్క) లోపు మోతాదుకే కణాలు పడిపోతాయి, 4 గ్రే దాటితే శాశ్వతంగా ఆగిపోవచ్చు. రోజూ కొంచెం కొంచెంగా ఇవ్వడం మిగతా అవయవాలకు మేలు గానీ వృషణాలకు కాదు. రేడియేషన్ విభాగంలో వృషణాలకు సీసపు కవచం వాడతారా అని ముందే అడగండి. చెదిరి వచ్చే కిరణాలను అది తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు.

డాక్టర్ ఈ మాటే ఎత్తలేదు. మేమే అడిగితే ఏమనుకుంటారో?

ఏమీ అనుకోరు. ఓపీలో వందమంది క్యూలో ఉన్నప్పుడు ఈ సంగతి జారిపోవడం మామూలే. ఇలా సూటిగా అడగండి: "సార్, కీమో మొదలుపెట్టే ముందు వీర్యం దాచుకోవాలనుకుంటున్నాం. ఎన్ని రోజులు టైం ఉంది? ఈ మందులతో ప్రమాదం ఎంత? ఫెర్టిలిటీ సెంటర్‌కు ఒక లెటర్ రాసిస్తారా?" లెటర్‌లో రోగం పేరు, ఇవ్వబోయే మందులు, కీమో మొదలయ్యే తేదీ ఉండాలి. ఆ తేదీ చూస్తేనే సెంటర్ వాళ్లు మిమ్మల్ని ముందుకు తోస్తారు.

దీనికోసం తిరిగితే చికిత్స ఆలస్యమై రోగం ముదిరితే?

ఒక్క శాంపిల్‌కు సగం రోజు చాలు. మూడు శాంపిళ్లు ఇచ్చినా నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. బయాప్సీ రిపోర్టు, పెట్ స్కాన్, కీమో ఎక్కించడానికి ఛాతీలో పోర్ట్ పెట్టడం కోసం ఎలాగూ ఎదురుచూసే రోజుల్లోనే ఇది సర్దుకుంటుంది. తీవ్రమైన లుకేమియాలో గంటలు లెక్క కాబట్టి అడ్మిషన్ రోజే అడగాలి. ఊపిరాడని పరిస్థితి, ఛాతీలో పెద్ద గడ్డ, రక్తస్రావం, విపరీతమైన జ్వరం ఉంటే మాత్రం వీర్యం కోసం చికిత్స ఆపొద్దు. లుకేమియాకు మొదట ఇచ్చే మందుల్లో చాలావాటికి ప్రమాదం తక్కువ కాబట్టి, రోగం అదుపులోకి వచ్చాక మజ్జ మార్పిడికి ముందు మళ్లీ ప్రయత్నించే దారి కొందరికి ఉంటుంది.

బీజం (వృషణం) తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందు దాచాలా, తర్వాత దాచాలా?

ముందే మేలు. రెండోది బాగుంటే ఒక్కదానితోనే పిల్లలు పుడతారు, నిజమే. అయితే వృషణ క్యాన్సర్ వచ్చినవాళ్లలో రెండోది కూడా బలహీనంగా ఉండటం అరుదు కాదు, ఆ సంగతి ఆపరేషన్ అయ్యాకే బయటపడితే చేయగలిగేది తక్కువ. ముందు కుదరకపోతే ఆపరేషన్ తర్వాత, కీమోకు ముందు తప్పకుండా ఇవ్వండి. ఇంకో మాట: గడ్డను చూడటానికి వృషణ సంచిలోంచి సూది పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఈ ఆపరేషన్ గజ్జల్లోంచి చేయాలి.

కడుపులో వెనకవైపు గ్రంథులు తీసే ఆపరేషన్ అన్నారు. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

ఆ గ్రంథుల పక్కనే స్ఖలనాన్ని నడిపే నరాలు ఉంటాయి. అవి తెగితే సుఖం తెలుస్తుంది గానీ వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి పోతుంది. నరాలు కాపాడే పద్ధతిలో చేస్తారా అని సర్జన్‌ను అడగండి, ముందుగా దాచుకోండి. నరాలు దెబ్బతిన్నాక కూడా సోడియం బైకార్బొనేట్ ఇచ్చి మూత్రంలోని పులుపు తగ్గించి, స్ఖలనం తర్వాత వచ్చిన మూత్రంలోంచి కణాలు వేరుచేయొచ్చు.

ఒక కీమో ఇప్పటికే ఎక్కింది. ఇంక లాభం లేదా?

శాంపిల్‌లో కణాలు కనిపించవచ్చు, కదలొచ్చు కూడా. లోపల డీఎన్‌ఏ దెబ్బతిని ఉండే అవకాశం ఉంది, అది మామూలు పరీక్షలో కనపడదు. అందుకే కీమో మొదలైన తర్వాత తీసిన వీర్యాన్ని సాధారణంగా దాచమని చెప్పరు. ముందున్నవి మరింత తీవ్రమైన మందులైతే, వేరే దారి లేకపోతే, కీమో తేదీ వయల్ (శాంపిల్ దాచే చిన్న సీసా) మీదే రాయించి దాచడం గురించి క్యాన్సర్ డాక్టర్, ఫెర్టిలిటీ డాక్టర్ ఇద్దరితో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

హార్మోన్ ఇంజక్షన్ వేస్తే వృషణాలు నిద్రపోయి కీమో నుంచి తప్పించుకుంటాయంట?

మగవాళ్లలో అది పనిచేయదు. దాని మీద డబ్బు పెట్టొద్దు.

## శాంపిల్ ఇచ్చే దగ్గర

యాడికి పోవాల? మా ఊళ్లో దొరుకుతుందా?

వీర్యం దాచడం మామూలుగా క్యాన్సర్ వార్డులో జరగదు, ఫెర్టిలిటీ సెంటర్‌లోనో, వీర్యపరీక్షలు చేసే ఆండ్రాలజీ ల్యాబ్‌లోనో జరుగుతుంది. కర్నూలు వాళ్లు అక్కడి స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కో, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం ఆసుపత్రులకో వెళతారు. అనంతపురం వాళ్లకు బెంగళూరు కిద్వాయ్ అలవాటు. కడప వాళ్లు తిరుపతికో, వెల్లూరు సీఎంసీకో పోతారు. సీఎంసీలో సంతాన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఎక్కడ చికిత్స జరిగితే ఆ ఊళ్లో దాచుకుంటే చెకప్‌కు వెళ్లినప్పుడే నిల్వ రుసుము కట్టి రావచ్చు. టైం లేకపోతే సొంత ఊరికి దగ్గర్లో ఉన్నచోటే ముందు దాచండి, తర్వాత మార్చుకోవచ్చు.

సెంటర్ అని బోర్డు ఉన్నంత మాత్రాన గడ్డకట్టించే ఏర్పాటు ఉంటుందని కాదు. కొన్నిచోట్ల వీర్యం కడిగి గర్భాశయంలో వేసే చికిత్స (ఐయూఐ) వరకే చేస్తారు. బస్సెక్కే ముందు ఫోన్‌లో అడగండి: ఏఆర్‌టీ చట్టం (సంతాన చికిత్సా కేంద్రాలను నియంత్రించే చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉందా, ఫ్రీజింగ్ మీ దగ్గరే చేస్తారా లేక వేరే ఊరికి పంపుతారా, నిల్వ చేసే ట్యాంకు మీ దగ్గరే ఉందా, రేపే తీసుకుంటారా, ఆదివారం ల్యాబ్ ఉంటుందా. చివరి ప్రశ్న చిన్నదే గానీ శనివారం సాయంత్రం అడ్మిషన్ దొరికినవాళ్లకు అదే పెద్దది.

ఏమేం తీసుకుపోవాలి?

ఆధార్, క్యాన్సర్ డాక్టర్ లెటర్, బయాప్సీ రిపోర్టు, పెళ్లయితే భార్య ఆధార్. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్ రక్తపరీక్షలు తప్పనిసరి. ఆపరేషన్‌కో కీమోకో ఈమధ్యే చేయించి ఉంటే ఆ రిపోర్టులు పట్టుకుపోండి, డబ్బు మిగులుతుంది. ఏదైనా పాజిటివ్ వస్తే దాచరని కాదు, వేరే ట్యాంకులో దాస్తారు. అలాంటి ట్యాంకు వాళ్ల దగ్గర ఉందో లేదో మాత్రం ముందు కనుక్కోవాలి.

ఎన్ని రోజులు ఆగి ఇవ్వాలి? ఎన్నిసార్లు?

మామూలు వీర్యపరీక్షకు 2 నుంచి 7 రోజులు ఆగమంటారు. క్యాన్సర్‌లో అంత పట్టింపు అక్కర్లేదు. 24 నుంచి 48 గంటలు తేడా ఇచ్చి రెండు మూడు శాంపిళ్లు ఇస్తే మంచిది. నిన్ననే స్ఖలనమైందని వెనక్కి తిరిగిపోవద్దు. టైం లేకపోతే ఒక్కటే ఇవ్వండి. ఒక్క శాంపిల్‌నే నాలుగైదు వయల్స్‌గా పంచవచ్చు.

ఆ గదిలో కూర్చుంటే ఏమీ కావడం లేదు. ఏం చేయాలి?

ఇది చాలామందికి జరుగుతుంది. నొప్పి, నిద్రలేమి, బయట నాన్న కూర్చుని ఉండటం, తలుపు అవతల నర్సుల మాటలు, అన్నీ కలిసి మనసును బిగిస్తాయి. ముందు వెంట వచ్చినవాళ్లను టీ తాగి రమ్మని బయటికి పంపండి. పెళ్లయినవాళ్లయితే భార్యను లోపలికి రానిస్తారు, అడగండి. రెండు మూడు గంటలు ఆగి మళ్లీ ప్రయత్నించవచ్చు, మర్నాడు రావచ్చు. గంటలోపు ల్యాబ్‌కు చేర్చగలిగే దూరంలో లాడ్జి ఉంటే అక్కడ తీసుకోవచ్చు. డాక్టర్ చూసి మాత్ర రాయవచ్చు.

చేతులు కడిగి బాగా ఆరబెట్టుకోవాలి. సబ్బు, నూనె, వాసెలిన్, ఉమ్మి వాడితే కణాలు చచ్చిపోతాయి. మామూలు కండోమ్‌లో పట్టడం కూడా తప్పే. వీర్యసేకరణకు ప్రత్యేకమైన కండోమ్‌లు వేరే ఉన్నాయి. మొదటి చుక్కల్లోనే కణాలు ఎక్కువ కాబట్టి అవి డబ్బా బయట పడితే సిగ్గుపడకుండా ల్యాబ్‌లో చెప్పండి. ఎలా చేసినా రాకపోతే వైబ్రేటర్‌తో, మత్తు ఇచ్చి స్వల్ప విద్యుత్తుతో, లేదా వృషణంలోంచి సూదితో తీసే పద్ధతులున్నాయి.

ఇంట్లో తీసి కడప నుంచి బెంగళూరుకు కారులో తీసుకుపోతే?

కుదరదు. ఒక గంటలోపు, ఒంటి వేడికి దగ్గరగా ల్యాబ్‌కు చేరాలి. ఐస్ డబ్బాలో పెడితే పాడవుతుంది, ఎండలో కారులో ఉంచినా పాడవుతుంది.

అసలే నీరసంగా ఉన్నాడు. వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోదా?

పోదు. వంద చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమని మనవైపు చెప్పుకునే మాటకు ఆధారం లేదు. శాంపిల్ మూడు నాలుగు మిల్లీలీటర్లే, అందులో ఎక్కువ భాగం నీరే. కీమోను తట్టుకునే శక్తి మీద దీని ప్రభావం ఏమీ ఉండదు.

కౌంట్ తక్కువ వచ్చింది. దాచి ఏం లాభం?

డబ్ల్యూహెచ్‌ఓ 2021 లెక్క ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కింది హద్దు. క్యాన్సర్ వచ్చినవాళ్లలో జ్వరం వల్ల, రోగం వల్ల చాలామందికి అంతకన్నా తక్కువ ఉంటాయి. గడ్డకట్టి కరిగేటప్పుడు కదిలే కణాల్లో సుమారు సగం ఆగిపోతాయి. ఇవన్నీ వింటే భయమేస్తుంది గానీ, ఇక్సీ (వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే) పద్ధతిలో ఒక అండానికి ఒక్క బతికున్న కణం చాలు. 1992 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి అది. కాబట్టి పదుల సంఖ్యలో కదిలే కణాలున్నా దాచమనే అడగండి. "క్వాలిటీ బాగాలేదు, దండగ" అని ఎవరైనా తిప్పి పంపితే మరో సెంటర్‌ను అడగండి.

ఒక్క కణం కూడా లేదన్నారు.

ఇంకో శాంపిల్ ఇచ్చి, ల్యాబ్‌లో యంత్రంలో వేగంగా తిప్పి అడుగున చేరినదాన్ని చూడమనండి. అప్పుడూ లేకపోతే కీమోకు ముందే వృషణంలోంచి చిన్న ముక్క తీసి అందులో వెతికి దాచవచ్చు. వృషణం తీసే ఆపరేషన్ ఉంటే ఆ తీసిన వృషణంలోని మంచి భాగంలోనే వెతకవచ్చు. సర్జన్, ఫెర్టిలిటీ ల్యాబ్ ఒకే రోజుకు కుదుర్చుకోవాలి.

## చిన్నవాళ్లు, పెళ్లయినవాళ్లు

మావాడికి పదిహేనేళ్లే. వాడితో ఇదెట్లా మాట్లాడాల?

సాధారణంగా 13 ఏళ్లు వచ్చి, గొంతు మారి, వృషణాలు పెరిగిన పిల్లవాడు శాంపిల్ ఇవ్వగలడు. మాట మాత్రం అమ్మానాన్నల ముందు ఎత్తకూడదు. డాక్టరో, మగ కౌన్సెలరో వాడితో ఒంటరిగా మాట్లాడాలి, "నీకు రాత్రిళ్లు స్ఖలనమవుతుందా, నీ అంతట నువ్వు చేసుకోగలవా" అని మామూలు గొంతుతో అడగాలి. తలుపు గడియ లోపలి నుంచి పెట్టుకునే గది కావాలి. సంతకం తల్లిదండ్రులదే అయినా వాడు ఊ అనాలి, వద్దంటే బలవంతపెట్టకూడదు. సిగ్గుతో "రాదు" అన్నవాడు మర్నాడు మేనమామ వెంట వచ్చి ఇచ్చి పోయే వీలుంటుంది కాబట్టి ఒక్కసారి అడిగి వదిలేయొద్దు.

పిల్లవాడికి ఎనిమిదేళ్లే. వాడికి ఏదైనా దారి ఉందా?

ఈ వయసులో వీర్యకణాలు ఇంకా తయారు కావు. వృషణ కణజాలం ముక్క తీసి గడ్డకట్టించే పద్ధతి ప్రపంచంలో కొన్ని పెద్ద కేంద్రాల్లో పరిశోధనగా మాత్రమే నడుస్తోంది. డబ్బు తీసుకుని హామీ ఇచ్చేవాళ్లను నమ్మొద్దు.

పెళ్లయింది. వీర్యం దాచాలా, పిండాలు చేయించి దాచాలా?

వీర్యం చాలు. పిండాలకు భార్యకు పది పన్నెండు రోజులు ఇంజక్షన్లు, అండాలు తీసే ప్రక్రియ, లక్షల ఖర్చు. అంత హడావుడి అవసరం చాలా అరుదు. పైగా పిండం ఇద్దరిదీ; రేపు ఇద్దరూ ఒప్పుకుంటేనే వాడాలి.

## దాచిన తర్వాత

ఎండాకాలంలో కరెంటు పోతే మా శాంపిల్ పాడైపోదా?

పోదు, ఎందుకంటే ఆ ట్యాంకు కరెంటుతో నడిచేది కాదు. అది పెద్ద ఫ్లాస్కు లాంటిది, లోపల మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ ఉంటుంది. ఆ చలిలో కణంలో ఏ మార్పూ జరగదు. అసలు ప్రమాదం వేరే ఉంది: నైట్రోజన్ రోజూ కొంచెం ఆవిరవుతుంది, ఎవరో ఒకరు క్రమం తప్పకుండా నింపుతుండాలి. మట్టం ఎన్నాళ్లకోసారి చూస్తారు, రిజిస్టర్ ఉందా, మట్టం తగ్గితే మోగే అలారం ఉందా, మీ వయల్స్‌ను రెండు వేర్వేరు ట్యాంకుల్లో పెడతారా అని అడగండి. మంచి ల్యాబ్ ఈ ప్రశ్నలకు చిరాకు పడదు.

ఎన్నేళ్లు ఉంచొచ్చు?

21 ఏళ్లు నిల్వ ఉన్న వీర్యంతో బిడ్డ పుట్టిన ఉదాహరణ ఇంగ్లండ్‌లో ఉంది. కాలం గడిచినందుకే కణాలు పాడవవు. మన దేశంలో 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న 2021 ఏఆర్‌టీ చట్టం దాత కణాలకు, పిండాలకు పదేళ్ల హద్దు పెట్టింది. మీది మీ సొంత వీర్యం. మీ ఒప్పందంలో ఎన్నేళ్లని రాశారో, పొడిగించుకునే పద్ధతి ఏమిటో సంతకానికి ముందు చదవండి. అదే చట్టం ప్రకారం ఈ చికిత్సలు చేయించుకోవడానికి మగవాడికి 21 నుంచి 55 ఏళ్లు, ఆడమనిషికి 21 నుంచి 50 ఏళ్లు ఉండాలి.

ఖర్చు ఎంతవుతుంది? ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందా?

దాచడానికి పరీక్షలతో కలిపి వేలల్లో, ఆపైన ఏటా నిల్వ రుసుము మళ్లీ కొన్ని వేలు. లక్షలయ్యేది తర్వాత వాడుకునేటప్పుడు, ఐవీఎఫ్, ఇక్సీ చేయించుకుంటే. రుసుము వయల్‌కా, శాంపిల్‌కా, మొత్తానికా అన్నది స్పష్టంగా రాయించుకోండి. మూడు శాంపిళ్లకు మూడింతలు అడిగేచోట్లు ఉంటాయి. వైద్య సేవ కార్డుతో క్యాన్సర్ చికిత్స జరుగుతున్నా ఈ డబ్బు చేతి నుంచే పెట్టుకోవాలనుకుని బయలుదేరండి. క్యాన్సర్ రోగులకు తగ్గింపు ఇచ్చే సెంటర్లున్నాయి, అడగందే ఇవ్వరు.

ఎక్కువగా దెబ్బతినేది రెండో మూడో ఏడాది. ఫోన్ నంబర్ మారుతుంది, రుసుము కట్టమని వచ్చిన మెసేజ్ చేరదు, గడువు దాటితే తీసేసే హక్కు ఒప్పందంలోనే ఉంటుంది. రెండు నంబర్లు ఇవ్వండి, ఒకటి ఇంట్లో ఎప్పుడూ మారని మనిషిది. వయల్స్ సంఖ్య, తేదీ, ట్యాంకు నంబర్ ఉన్న రసీదును ఫొటో తీసి ఉంచుకోండి.

ఆయనకేమైనా జరిగితే ఆ వీర్యం ఎవరిది? మేం వాడుకోవచ్చా?

రోగి చనిపోతేనో, మాట చెప్పలేని స్థితికి వస్తేనో ఏం చేయాలో రాతపూర్వకంగా తీసుకోకుండా దాచకూడదని చట్టం చెబుతోంది. ఆ పేజీని చాలామంది చదవకుండా సంతకం పెడతారు. పారేయాలా, భార్య వాడుకోవచ్చా అన్నది రోగి తన మాటగా రాయాలి, అమ్మానాన్న చెప్పినట్టు కాదు. పెళ్లికాని ఒక క్యాన్సర్ రోగి దాచిన వీర్యాన్ని, అతని మరణం తర్వాత తల్లిదండ్రులకు ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2024 అక్టోబరులో ఆదేశించింది. వీర్యం ఇచ్చిన మనిషి సమ్మతి రుజువైతే మరణానంతరం వాడటానికి చట్టంలో నిషేధం లేదన్నది ఆ తీర్పు సారం. అయితే ఆ తల్లిదండ్రులు కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఒక పేజీ సరిగా నింపితే ఆ తిప్పలు తప్పుతాయి.

## చికిత్స నడుస్తుండగా, ముగిశాక

కీమో జరుగుతుంటే కౌంట్ సున్నా కదా, కండోమ్ ఎందుకు?

అందరికీ సున్నా కాదు, వెంటనే కాదు. ఆ సమయంలో దెబ్బతిన్న కణంతో గర్భం రావడం మంచిది కాదు. మందు కొంత వీర్యంలోకి కూడా వస్తుంది కాబట్టి భార్యకు తగలకుండా ఉండటం మేలు. కీమో ముగిశాక కూడా ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఆగమని డాక్టర్లు చెబుతారు. ఎంతకాలమన్నది మీ మందులను బట్టి మీ డాక్టర్ తేలుస్తారు.

కీమోతో మగతనం పోతుందా?

పిల్లలు పుట్టడం, మగతనం రెండూ వేర్వేరు. వీర్యకణాలు తయారుచేసే కణాలు సున్నితమైనవి, మగ హార్మోన్ తయారుచేసేవి గట్టివి. కౌంట్ సున్నా అయినవాళ్లలో ఎక్కువమందికి కోరిక, గట్టిదనం, గడ్డం మీసం మామూలుగానే ఉంటాయి. నెలల తరబడి నీరసం, కోరిక లేకపోవడం ఉంటే ఉదయం పూట టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించాలి. తక్కువుంటే డాక్టర్‌కు పిల్లల ఆలోచన ఉందని చెప్పండి, ఎందుకంటే బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇంజక్షన్ వేస్తే వీర్యకణాల తయారీ ఇంకా ఆగిపోతుంది. జిమ్‌లో ఎవరో ఇచ్చే ఇంజక్షన్లకూ ఇదే వర్తిస్తుంది.

బ్లడ్ క్యాన్సర్‌కు రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటున్నాను. పిల్లల కోసం ఆపాలా?

మీ అంతట మీరు ఆపొద్దు. సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కు ఇమాటినిబ్ వాడుతూనే తండ్రులైన మగవాళ్లు చాలామంది ఉన్నారు. ఆడవాళ్ల విషయంలో మాత్రం నియమం వేరు.

కణాలు తిరిగొచ్చాయో లేదో ఎప్పుడు చూడాలి?

చికిత్స ముగిశాక ఏడాది దాటాక ఒకసారి. సున్నా వచ్చినా అదే ఆఖరి మాట అనుకోవద్దు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య తిరిగొచ్చినవాళ్లున్నారు. రక్తపరీక్షలో ఎఫ్‌ఎస్‌హెచ్ (వీర్యకణాల తయారీని నడిపే హార్మోన్) బాగా పెరిగి ఉంటే తయారీ దెబ్బతిందని సూచన.

కౌంట్ పెరగడానికి నాటు మందు ఇస్తామంటున్నారు.

కీమో సమయంలో అసలు వద్దు. కాలేయం మీద భారం పడుతుంది, కొన్ని కీమో మందుల పనినే చెడగొట్టవచ్చు. మూల కణాలు చచ్చిపోయిన చోట ఏ పొడీ వాటిని పుట్టించలేదు.

పుట్టే బిడ్డకు క్యాన్సర్ వస్తుందా?

ఎక్కువ క్యాన్సర్లు వంశపారంపర్యం కావు. కీమోకు ముందు దాచిన వీర్యంలో ఆ మందు ప్రభావమే ఉండదు. రెటినోబ్లాస్టోమా (పిల్లల్లో వచ్చే కంటి క్యాన్సర్), బీఆర్‌సీఏ లోపం (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యులోపం), ఇంట్లో చాలామందికి చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్ లాంటివి వేరు. అలాంటి జన్యులోపం ఉన్న తండ్రి నుంచి ఒక్కో బిడ్డకు సగం సగం అవకాశంతో రావచ్చు. మేనరికం చేసుకునే ఇళ్లలో అదే లోపం రెండు వైపులా ఉండే అవకాశం పెరుగుతుంది కాబట్టి, పెళ్లి ఖాయం చేసుకునే ముందే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి.

సంబంధాలు చూస్తున్నాం. అమ్మాయి వాళ్లకు చెప్పాలా?

చెప్పాలి. రోగం సంగతి, కౌంట్ సంగతి, వీర్యం దాచిన సంగతి మూడూ. ఆసుపత్రి వాళ్లు మీ రికార్డు ఎవరికీ ఇవ్వరు, కాబట్టి దాస్తే దాగుతుంది అనిపిస్తుంది. కానీ ఏటా నిల్వ రసీదు వస్తుంది, చెకప్‌లుంటాయి. అబ్బాయి అమ్మాయితో నేరుగా చెప్పడం, కావాలంటే ఇద్దరూ కలిసి డాక్టర్‌ను కలవడం మంచి పద్ధతి. పెద్దలు మధ్యవర్తి చేత చెప్పిస్తే మాట సగమే చేరుతుంది.

అప్పుడు దాచుకోలేదు. ఇప్పుడు సున్నా అంటున్నారు.

మైక్రో టీసీ అనే ఆపరేషన్‌లో మైక్రోస్కోప్ కింద వృషణంలో కణాలు తయారవుతున్న చిన్న చిన్న చోట్లను వెతుకుతారు. కీమో తర్వాత సున్నా అయినవాళ్లలో పదిమందికి సుమారు నలుగురిలో దొరుకుతాయి. ఆపరేషన్ రోజే భార్య అండాలు సిద్ధంగా ఉంచడమో, దొరికినవి గడ్డకట్టించడమో ముందే నిర్ణయించాలి. దొరక్కపోతే రిజిస్టర్డ్ బ్యాంకు నుంచి దాత వీర్యం, లేదా కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా ద్వారా దత్తత.

దాచింది వాడుకోవాలంటే ఎలా?

ముందు మీ ప్రస్తుత వీర్యాన్ని పరీక్షించుకోండి. సహజంగా కలిగే అవకాశం ఉంటే దాచింది తాకనక్కర్లేదు. దాచుకున్నవాళ్లలో తర్వాత వాడుకునేది సుమారు పదిమందిలో ఒక్కరే. వాడాల్సి వస్తే భార్య వయసు, అండాల పరీక్ష చూసి ఐయూఐ, ఇక్సీలలో ఏదో తేలుస్తారు. వయల్స్ తక్కువుంటే ఐయూఐలో ఖర్చు చేయకుండా ఇక్సీకే ఉంచడం తెలివైన పని, ఎందుకంటే ఒక వయల్‌లో చిన్న భాగంతోనే ఒక ఇక్సీ అయిపోతుంది.

మేం హైదరాబాద్‌కు మారాం. శాంపిల్‌ను అక్కడికి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. డ్రై షిప్పర్ అనే డబ్బాలో నైట్రోజన్ పీల్చుకున్న గోడలు ఉంటాయి, సరిగా నింపితే వారం రోజుల దాకా చలి నిలుస్తుంది. రెండు సెంటర్ల రాతపూర్వక ఒప్పుకోలు, మీ సంతకం, రక్తపరీక్షల రిపోర్టులు కావాలి. అన్ని వయల్స్ ఒకేసారి పంపకుండా రెండు విడతలుగా పంపండి. అందుకున్న సెంటర్ వయల్స్ లెక్కపెట్టి రసీదు ఇచ్చేదాకా పాత సెంటర్ ఒప్పందం రద్దు చేసుకోవద్దు.